ఫోన్ చూపించమంటే ముందు కాయితం అడగండి

ప్రభుత్వం మీ మాటలు వినాలన్నా, మీ ఫోన్ తెరిచి చూడాలన్నా, మీ వేలిముద్ర తీసుకోవాలన్నా ముందు ఎక్కడో ఒక కాయితం పుట్టాలి. ఏ చట్టం కింద, ఎవరి సంతకంతో, ఎన్ని రోజులకు అనేది దాని మీద ఉండాలి. అది లేకపోతే, చేస్తున్నది ఎంత పెద్ద అధికారి అయినా ఆ పని అక్రమమే. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తేల్చింది: గోప్యత రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే ప్రాథమిక హక్కు. దాంట్లో సర్కారు వేలు పెట్టాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించి ఒక్క అడుగు పడకూడదు.

కాయితం అడగడం ఒక పని. మన వివరాలు ఊరంతా పారకుండా కట్ట కట్టుకోవడం ఇంకో పని. రెండోది ఇవాళ రాత్రి అన్నం తిన్నాక గంట కూర్చుంటే చాలావరకు అయిపోతుంది. మొదటిదానికి కొంచెం చట్టం తెలిసి ఉండాలి.

ఏది ట్యాపింగ్, ఏది కాదు

ఫోన్ వేడెక్కినా, మాటల్లో గరగర వచ్చినా "నా ఫోన్ ట్యాప్ అయింది" అనుకునేవాళ్లు చాలామంది. *#21# కొట్టి చూస్తే తెలిసిపోతుందని వాట్సాప్‌లో తిరిగే సలహా కూడా తప్పే. ఆ కోడ్ మీ కాల్స్ వేరే నంబరుకు మళ్లుతున్నాయా లేదా అన్నదొక్కటే చెబుతుంది. మోసగాళ్లు మీతో ఏదో నంబరు కొట్టించి కాల్స్ మళ్లించుకోవడం నిజంగా జరుగుతుంది కాబట్టి, ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వర్డింగ్ ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి. కానీ ఉత్తర్వు మీద జరిగే ట్యాపింగ్ టెలికాం కంపెనీ వ్యవస్థ దగ్గర జరుగుతుంది. మీ ఫోన్‌లో దాని ఆనవాలు ఏదీ ఉండదు.

ఇప్పుడు నడుస్తున్న నిబంధనలు 2023 టెలికమ్యూనికేషన్ చట్టం 20(2) సెక్షన్ కింద 2024 డిసెంబరులో వచ్చాయి. రాష్ట్రంలో ఉత్తర్వు ఇవ్వాల్సింది హోంశాఖ కార్యదర్శి. అత్యవసరమని పోలీసు శాఖలోనే మొదలుపెడితే ఐజీ స్థాయికి తగ్గని అధికారి ఇవ్వాలి, ఏడు పనిదినాల్లో హోం కార్యదర్శి దాన్ని ఖరారు చేయాలి. ఖరారు కాకపోతే వినడం ఆపేయాలి. ఒక ఉత్తర్వు 60 రోజులు చెల్లుతుంది. పొడిగిస్తూ పోయినా మొత్తం 180 రోజులు దాటకూడదు. ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఉండే సమీక్షా కమిటీ రెండు నెలలకోసారి ఈ ఉత్తర్వులను చూడాలి. అక్రమంగా వింటే మూడేళ్ల దాకా జైలు, రెండు కోట్ల దాకా జరిమానా.

పుస్తకంలో ఇన్ని తాళాలున్నాయి. అయినా 2024 మార్చిలో హైదరాబాద్ పంజాగుట్ట ఠాణాలో నమోదైన కేసు మన తెలంగాణ రాష్ట్ర నిఘా విభాగం అధికారుల మీదే. ప్రతిపక్ష నాయకుల ఫోన్లు విన్నారని, తర్వాత హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని ఆరోపణ. తీర్పు చెప్పాల్సింది కోర్టు. మామూలు మనిషి దీన్నుంచి తెలుసుకోవాల్సింది ఒకటుంది. ట్యాపింగ్ రికార్డులను, విధి నిర్వహణకో కోర్టుకో అవసరమైతే తప్ప, ఆరు నెలలకోసారి ధ్వంసం చేయాలని నిబంధనలే చెబుతున్నాయి. కాబట్టి అనుమానానికి గట్టి ఆధారం ఉంటే ఏడాది ఆగొద్దు. ప్రధాన కార్యదర్శికి, సమీక్షా కమిటీ అధ్యక్షుడి హోదాలో, స్పీడ్ పోస్టులో ఫిర్యాదు పంపండి. "నాకు సంబంధించిన ఉత్తర్వులు, రికార్డులు ఉంటే ధ్వంసం చేయకుండా ఉంచండి" అన్న వాక్యం అందులో తప్పకుండా రాయండి. తర్వాత హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ వేస్తే ఆ రసీదే పనికొస్తుంది.

మాటలు వినకుండానే మీ గురించి చాలా చెప్పేది కాల్ డేటా. ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు, ఏ టవర్ కింద. కంపెనీలు దీన్ని కనీసం రెండేళ్లు దాచాలి. సిగ్నల్ యాప్ వాడినా, వాట్సాప్ వాడినా మీ సిమ్ ఏ టవర్ కింద ఉందో దాగదు. ఫలానా యాప్ వేసుకుంటే ఎవరికీ ఏమీ తెలియదని చెప్పేవాళ్లను నమ్మొద్దు.

ఫోన్‌లో గంట పని

ముందు తాళం. నాలుగంకెల పిన్ కాదు, ఆరంకెలకు తగ్గొద్దు. పుట్టిన సంవత్సరం, బండి నంబరు అసలే వద్దు. ఆండ్రాయిడ్‌లో పవర్ బటన్ మెనూలో "లాక్‌డౌన్" అన్న ఎంపిక చాలా ఫోన్లలో ఉంటుంది. అది నొక్కితే వేలిముద్ర, ముఖం పనిచేయవు, పిన్ ఒక్కటే తెరుస్తుంది. ఐఫోన్‌లో పక్క బటన్, వాల్యూమ్ బటన్ కలిపి రెండు సెకన్లు పట్టుకుంటే అదే జరుగుతుంది. నిద్రలో ఉన్న మనిషి వేలు ఫోన్‌కు ఆనించొచ్చు, మనసులోని పిన్‌ను లాగడం అంత సులువు కాదు.

వాట్సాప్‌లో సందేశాలు రెండు ఫోన్ల మధ్య తాళం వేసి వెళతాయి. మామూలుగా జారేది బ్యాకప్ దగ్గర. గూగుల్ డ్రైవ్‌కో ఐక్లౌడ్‌కో వెళ్లే బ్యాకప్‌కు ఆ తాళం దానంతటది పడదు. సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్‌లోకి వెళ్లి "ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్" ఆన్ చేసి పాస్‌వర్డ్ పెట్టుకోండి. ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే వాట్సాప్ కూడా తిరిగి ఇవ్వలేదు, కాబట్టి ఇంట్లో నోట్‌బుక్కులో రాసుకోండి. తర్వాత "లింక్డ్ డివైసెస్" తెరవండి. మీకు తెలియని కంప్యూటర్ అక్కడ కనిపిస్తే వెంటనే లాగవుట్ కొట్టండి. భార్యాభర్తల తగాదాల్లో, ఆఫీసుల్లో, జిరాక్స్ షాపుల్లో ఎక్కువగా బయటపడే నిఘా ఇదే. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆరంకెల పిన్ కూడా అదే కూర్చున్నప్పుడు పెట్టేయండి.

సున్నితమైన పని చేసేవాళ్లు, అంటే విలేకరులు, వకీళ్లు, భూముల మీద పోరాడేవాళ్లు, ములుగు, భూపాలపల్లి అడవి ఊళ్లలో తిరిగే కార్యకర్తలు సిగ్నల్‌కు మారడం మేలు. మాయమయ్యే సందేశాలు వారం రోజులకు పెట్టుకోండి, రిజిస్ట్రేషన్ లాక్ ఆన్ చేయండి, నంబరు కాకుండా యూజర్‌నేమ్ ఇవ్వండి. ఆపిల్ నుంచి "కిరాయి నిఘా సాఫ్ట్‌వేర్ దాడి" అని హెచ్చరిక వస్తే (2023 అక్టోబరు చివర "ప్రభుత్వ మద్దతున్న దాడి" అన్న మాటతో దేశంలో చాలామంది నాయకులకు, విలేకరులకు వచ్చింది) దాన్ని స్క్రీన్‌షాట్ తీయండి, ఐఫోన్ సెట్టింగ్స్‌లోని లాక్‌డౌన్ మోడ్ ఆన్ చేయండి, ఫోన్‌ను రీసెట్ చేయకండి. రీసెట్ చేస్తే ఆధారమూ తుడిచిపెట్టుకుపోతుంది. నిజమైన హెచ్చరిక ఏ లింకూ నొక్కమనదు. మీ ఆపిల్ ఖాతాలో లాగిన్ అయితే పైనే కనిపిస్తుంది.

మిగతావి త్వరగా: గూగుల్ ఖాతాలో వెబ్ యాక్టివిటీని మూడు నెలలకు దానంతటదే తుడిచిపోయేలా పెట్టండి. పర్మిషన్ మేనేజర్‌లో లొకేషన్, మైకు, కాంటాక్టులు ఏ యాప్‌కు ఇచ్చారో చూసి, అప్పులిచ్చే యాపులకు, టార్చి యాపులకు తీసేయండి.

జిరాక్స్ షాపులో మిగిలిపోయే ఆధార్

కాకతీయ యూనివర్సిటీ క్రాస్‌రోడ్డు దగ్గరో నయీంనగర్‌లోనో అడ్మిషన్ల రోజుల్లో ఏదైనా జిరాక్స్ షాపు కంప్యూటర్ తెర ఒక్క నిమిషం చూడండి. వాట్సాప్ వెబ్ తెరిచే ఉంటుంది. ఎడమపక్క పేరు లేని నంబర్లు, ఒక్కోదాని కింద ఒక పీడీఎఫ్. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే ఆధార్లు, టెన్త్ మెమోలు, కుల ధ్రువీకరణలు, పాస్‌బుక్ మొదటి పేజీలు వరుసగా. పొద్దుటి నుంచి వచ్చిన పిల్లలందరి వివరాలూ అక్కడే, తర్వాత కూర్చునే మనిషికి తెరిచిన పుస్తకంలా. షాపాయనకు చెడ్డ ఆలోచన ఉండాల్సిన పనిలేదు. ఎవరూ తుడవకపోవడమే సమస్య.

చేయాల్సింది ఇది. ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ వారి మై ఆధార్ వెబ్‌సైటులో ఆధార్ డౌన్‌లోడ్ చేసేటప్పుడు "మాస్క్‌డ్ ఆధార్" అన్న గడిలో టిక్ పెట్టండి. మొదటి ఎనిమిది అంకెలు కప్పి, చివరి నాలుగే కనిపించే కాపీ వస్తుంది. హాస్టల్‌కు, లాడ్జికి, ఇంటి అద్దెకు అది చాలు. ఆ పీడీఎఫ్‌కు ఉండే పాస్‌వర్డ్, మీ పేరులో మొదటి నాలుగు పెద్ద అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఆ రెండూ మీ మెమో మీదే ఉంటాయి కాబట్టి దాన్ని గట్టి తాళం అనుకోకండి. ప్రింట్ తీశాక ఎదురుగా నిలబడి, డౌన్‌లోడ్స్‌లోంచి తుడిపించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించండి. వాట్సాప్‌లో "అందరికీ తొలగించు" కొడితే చాట్‌లోదే పోతుంది, కంప్యూటర్లోకి దిగిన ఫైలు పోదు. కాపీ చేతికిచ్చే ముందు పెన్నుతో అడ్డంగా, ఫొటో అంచును తాకేలా "ఫలానా హాస్టల్ ప్రవేశం కోసమే", కింద తేదీ రాయండి. ఆ కాపీతో ఇంకో పనికి దిగాలంటే ఎవరికైనా కష్టమవుతుంది.

వేలిముద్ర ఇంకా ప్రమాదం, ఎందుకంటే పాస్‌వర్డ్‌లా మార్చుకోలేం. 2018లో మన పెద్దపల్లి జిల్లా ధర్మారంలోనే ఒక సిమ్ డీలర్ దొరికాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో అందరికీ కనిపించే భూమి దస్తావేజుల్లోంచి జనం వేలిముద్రలు తీసి, రబ్బరు ముద్రలు చేసి, వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు తేల్చారు. ప్రభుత్వం దాచాల్సింది దాచకపోతే జరిగేది ఇదే. 2024 జనవరిలో బాలానగర్ ఫ్లైఓవర్ మీద సర్కారు పథకాల కోసం జనం ఇచ్చిన ప్రజాపాలన దరఖాస్తులు గాలికి ఎగిరినప్పుడూ అంతే, ఒక్కో కాయితం మీద ఒక్కో కుటుంబం ఆధార్, ఫోన్ నంబరు.

కాబట్టి బయోమెట్రిక్ లాక్ వేయండి. మై ఆధార్‌లో లాగిన్ అయి "లాక్/అన్‌లాక్ బయోమెట్రిక్స్" నొక్కి, ఓటీపీ ఇస్తే పడిపోతుంది. ఓటీపీ రావాలంటే ఆధార్‌కు మీ ఫోన్ నంబరు జోడై ఉండాలి. లేకపోతే ఆధార్ కేంద్రానికి వెళ్లి జోడించుకోండి, 2025 అక్టోబరు నుంచి దీనికి 75 రూపాయలు. లాక్ పడ్డాక వేలు పెడితే మిషన్ మీద 330 అన్న ఎర్రర్ వస్తుంది. రేషన్ దుకాణంలో, పింఛను ఇచ్చే చోట అది చూసి "మీ ఆధార్ పోయింది" అని ఎవరైనా అంటే గాబరా పడొద్దు. తాత్కాలికంగా అన్‌లాక్ చేస్తే పది నిమిషాలు తెరిచి ఉంటుంది, తర్వాత తనంతట తానే మూసుకుంటుంది. ఆ పది నిమిషాల్లో సిగ్నల్ దొరకని పల్లెల్లో ఇది ఇబ్బందే. ఒక ఉపాయం: రేషన్ కార్డులో పేరున్న ఎవరైనా వేలు పెట్టొచ్చు, కాబట్టి దుకాణానికి పోయే ఒక్కరిని వదిలి మిగతా ఇంటివాళ్లందరికీ లాక్ వేసేయండి. వేలిముద్రతోనే పింఛను తీసుకునే ముసలివాళ్లకు, ఫోన్ వాడటం రానివాళ్లకు లాక్ వేసి వాళ్లను ఇరికించకండి. వాళ్ల ఖాతాను నెలకోసారి మీరే చూసి పెట్టండి.

అదే వెబ్‌సైటులో "అథెంటికేషన్ హిస్టరీ" ఉంటుంది, గత ఆరు నెలలది. ఏ తేదీన, ఏ సమయానికి, ఓటీపీతోనా వేలితోనా, ఏ సంస్థ అడిగిందో కనిపిస్తుంది. మీరు పొలంలో ఉన్న సమయానికి ఏదో బ్యాంకు దగ్గర వేలిముద్ర పడినట్టు ఉంటే ఆ పేజీని దాచి ఆధార్ హెల్ప్‌లైన్ 1947కు ఫోన్ చేయండి. డబ్బు పోయి ఉంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930, తర్వాతే బ్యాంకుకు రాతపూర్వక ఫిర్యాదు. మీ తప్పు లేని మోసాన్ని మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెబితే మీ మీద భారం ఉండదని రిజర్వ్ బ్యాంకు నిబంధన.

కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ వెబ్‌సైటులో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూడొచ్చు. మన రాష్ట్రంలో ఒక మనిషికి తొమ్మిదే పరిమితి. తెలియని నంబరుంటే "నాది కాదు" నొక్కండి. దీని యాప్‌ను ప్రతి కొత్త ఫోన్‌లో తప్పనిసరి చేయాలని 2025 నవంబరులో కేంద్రం చూసింది, జనం అడిగితే రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. వెబ్‌సైటు వాడుకుంటే సరిపోతుంది.

రోడ్డు మీద ఆపి ఫోన్ అడిగితే

2021 అక్టోబరులో హైదరాబాద్‌లో పోలీసులు కుర్రాళ్లను ఆపి, వాట్సాప్‌లో "గంజాయి" అని వెతికిన వీడియోలు దేశమంతా తిరిగాయి. ఊరికే ఆపి ఫోన్ తిరగేసే అధికారం ఏ చట్టమూ ఇవ్వలేదు. ఒక నేరం దర్యాప్తులో భాగంగా అయితే బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 94 కింద రాతపూర్వకంగా ఫోన్ తెమ్మనొచ్చు, 185 కింద కారణాలు రాసి సోదా చేయొచ్చు, 106 కింద స్వాధీనం చేసుకోవచ్చు. మూడింటికీ వెనక కేసు ఉండాలి, కాయితం ఉండాలి.

గొంతు పెంచకుండా, చేతులు కనిపించేలా పెట్టుకుని ఇట్లా అనండి: "సార్, ఏ కేసు కింద చూస్తున్నరు? నంబరు చెప్పండి, నోటీసు ఇయ్యండి, నేను సహకరిస్త." చాలాసార్లు మాట ఇక్కడే ఆగిపోతుంది. ఆగకపోతే పెనుగులాడొద్దు. ఎస్సై పేరు, ఠాణా, సమయం, చోటు గుర్తుపెట్టుకుని, ఇంటికి రాగానే కాయితం మీద పెట్టండి. ఫోన్‌లో ఏదైనా తుడిచేయడం మాత్రం చేయకండి. కేసు నడుస్తుండగా ఆధారం మాయం చేస్తే అది బీఎన్ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 238, 241 కింద వేరే నేరం. మీరు తుడిచింది పెళ్లి ఫొటోలే అయినా అనుమానం మీ మీదే పడుతుంది.

ఫోన్ స్వాధీనం చేసుకుంటే జప్తు పంచనామా చదవకుండా సంతకం పెట్టొద్దు. అందులో ఉండాల్సినవి: కంపెనీ, మోడల్, రెండు ఐఎంఈఐ నంబర్లు (*#06# కొడితే వస్తాయి, ముందే ఇంట్లో రాసి పెట్టుకోండి), సిమ్ నంబర్లు, మెమరీ కార్డు ఉందా లేదా, ఫోన్ ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా, కవరులో పెట్టి సీలు వేశారా, ఇద్దరు సాక్షుల పేర్లు. "ఒక నల్ల సెల్‌ఫోన్" అని ఒక్క ముక్క రాసి ఉంటే మీ మాటగా కింద మిగతా వివరాలు రాసి సంతకం పెట్టండి. రేపు వేరే ఫోన్ కోర్టుకు వచ్చినా, అదే ఫోన్‌లో కొత్త ఫైలు పుట్టినా, ఇవాళ్టి ఆ నాలుగు వరుసలే మిమ్మల్ని కాపాడతాయి. హాష్ విలువ తీశారా అని అడగండి. ఫోన్‌లోని మొత్తం సమాచారానికి లెక్క కట్టి ఇచ్చే గుర్తు అది, ఒక్క అక్షరం మారినా విలువ మారిపోతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ధ్రువపత్రంలో ఆ విలువకు గడి కూడా ఉంది. సోదా, స్వాధీనం మొత్తం వీడియో తీయాలని, దాన్ని మేజిస్ట్రేట్‌కు పంపాలని బీఎన్ఎస్ఎస్ 105 చెబుతుంది. వీడియో తీయలేదంటే ఆ సంగతీ పంచనామాలో రాయించండి.

పాస్‌వర్డ్ చెప్పి తీరాలా? తనకు తాను వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాల్సిన పనిలేదని 20(3) అధికరణం అంటుంది, కానీ పాస్‌వర్డ్ ఆ కిందికి వస్తుందా లేదా అన్నదాని మీద కోర్టులు ఒక్క మాట మీద లేవు. అబద్ధం చెప్పకండి, మర్చిపోయానని నటించకండి. "మా వకీలుతో మాట్లాడి చెప్తా సార్" అనండి. అరెస్టయినవాళ్లకు విచారణలో వకీలును కలిసే హక్కు బీఎన్ఎస్ఎస్ 38 ఇస్తుంది. వకీలును పెట్టుకునే తాహతు లేకపోతే 15100కు ఫోన్ చేస్తే న్యాయసేవాధికార సంస్థ కలుపుతుంది. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితం. సాక్షిగా పిలిస్తే ఆడవాళ్లు, 15 ఏళ్ల లోపు పిల్లలు, 60 దాటినవాళ్లు ఠాణాకు వెళ్లనక్కరలేదు, పోలీసులే ఇంటికి రావాలి. నోటీసు వాట్సాప్‌లో వచ్చిందంటే నమ్మకండి, హాజరు కమ్మని పోలీసులు ఇచ్చే బీఎన్ఎస్ఎస్ 35వ సెక్షన్ నోటీసు అట్లా ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. "డిజిటల్ అరెస్టు" అన్నది ఏ చట్టంలోనూ లేదు.

ఫోన్ నెలల తరబడి ఠాణాలో పడి ఉంటే బీఎన్ఎస్ఎస్ 497 లేదా 503 కింద మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేసి తాత్కాలికంగా తిరిగి తెచ్చుకోవచ్చు. కొన్న బిల్లు జత చేయండి. బిల్లు లేనివాళ్లకే ఇక్కడ ఆలస్యమవుతుంది, కాబట్టి బిల్లును ఫొటో తీసి మెయిల్‌లో దాచుకోండి.

ముఖం, కెమెరా

2021 మేలో హైదరాబాద్‌లో ఒక సామాజిక కార్యకర్తను పోలీసులు ఆపి, మాస్కు తీయమన్నారు, ఆయన తీయనన్నా ఫొటో తీశారు. ఆయన హైకోర్టుకు వెళ్లారు. ముఖ గుర్తింపు మీద మన దేశంలో కోర్టుకెక్కిన మొదటి కేసుల్లో అదొకటి. ఫొటోలు, వేలిముద్రలు, కనుపాపలు తీసుకునే అధికారం 2022 క్రిమినల్ ప్రొసీజర్ (ఐడెంటిఫికేషన్) చట్టం ఇస్తుంది, కానీ అది ప్రధానంగా శిక్షపడ్డవాళ్లు, అరెస్టయినవాళ్లు, నిర్బంధంలో ఉన్నవాళ్ల గురించి. దారిన పోయేవాళ్ల గురించి కాదు. ఇట్లా తీసుకున్నవి 75 ఏళ్లు దాస్తారు. ఇంతకుముందు శిక్ష లేనివాళ్లు నిర్దోషిగా బయటపడితే, కోర్టు ఉంచమని చెప్తే తప్ప, ఆ రికార్డు తుడిచేయాలి. తీర్పు నకలు జత చేసి మీరే అడగండి, అడగకపోతే ఎవరికీ గుర్తుండదు.

సీసీ కెమెరాల మాట: ఎక్కువమంది గుమిగూడే దుకాణాలు, సంస్థలు కెమెరాలు పెట్టి 30 రోజులు రికార్డు ఉంచాలని 2013 ప్రజా భద్రత చట్టం చెబుతుంది. మీ మీద తప్పుడు కేసు పడితే, అప్పుడు మీరు వేరే చోట ఉన్నారని చూపించే సాక్ష్యం ఆ రికార్డే. నెల తిరగకముందే రాసి అడగాలి.

సర్కారు కంప్యూటర్ తప్పుగా కలిపితే

సమగ్ర వేదిక అని ఒక వ్యవస్థ ఉంది. రేషన్, వాహనాలు, ఆస్తి, కరెంటు లాంటి వేర్వేరు శాఖల రికార్డులను పేరు, చిరునామాలతో కలిపి, ఎవరు అర్హులో లెక్క కడుతుంది. రాష్ట్రంలో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. వాటిని ఇల్లిల్లూ తిరిగి మళ్లీ పరిశీలించమని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. అదే పేరున్న ఇంకెవరి కారో మీ ఖాతాలో పడితే మీ బియ్యం ఆగిపోతాయి. నిఘా అంటే ఫోన్ వినడమే కాదు, ఇదీ నిఘానే. దీని దెబ్బ ఎక్కువగా తగిలేది పేదవాళ్లకే.

కార్డు ఆగితే "మీరు అర్హులు కారు" అన్న నోటి మాట తీసుకుని వెనక్కి రాకండి. తాసిల్దారుకు రాతలో అడగండి: ఏ కారణంతో ఆపారు, ఏ శాఖ రికార్డుతో కలిసింది, ఆ రికార్డులోని నంబరేమిటి, ఇంటికి వచ్చి చూసింది ఎవరు, ఏ తేదీన. కారు నంబరు చెప్పిస్తే సగం పని అయినట్టే, రవాణా శాఖ వెబ్‌సైటులో యజమాని వేరని చూపించొచ్చు. తాసిల్దారు ఆఫీసు కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లండి. దరఖాస్తు మీద నంబరు వేసి రసీదు ఇచ్చేదాకా అక్కడి నుంచి కదలొద్దు.

ఆర్టీఐ ఎట్లా రాయాలి

"నా ఫోన్ వింటున్నారా?" అని అడిగితే ఆర్టీఐ చట్టంలో దేశ భద్రత, దర్యాప్తు పేరుతో ఉన్న 8(1)(ఎ), 8(1)(హెచ్) మినహాయింపులు చూపి తిప్పికొడతారు. నిఘా విభాగాలకు 24(4) కింద మినహాయింపు కూడా ఉంది, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘనల సమాచారం మాత్రం అందులోకి రాదు. అందుకే మనుషుల గురించి కాదు, వ్యవస్థ గురించి అడగాలి. లెక్కలు అడిగితే వచ్చిన సందర్భాలున్నాయి. కేంద్రం నెలకు సగటున 7,500 నుంచి 9,000 ట్యాపింగ్ ఉత్తర్వులు ఇస్తోందని 2013లో హోంశాఖే ఒక ఆర్టీఐకి జవాబిచ్చింది.

"ఎందుకు" అని అడగకండి, ఉన్న కాయితాల నకళ్లు అడగండి. వరంగల్ పోలీస్ కమిషనరేట్ ప్రజా సమాచార అధికారికి రాసేదైతే ఇట్లా:

"సమాచార హక్కు చట్టం 6(1) కింద ఈ నకళ్లు ఇవ్వగలరు. 1) మీ పరిధిలో వాడుతున్న ముఖ గుర్తింపు సాఫ్ట్‌వేర్ కొనుగోలు ఉత్తర్వు, చెల్లించిన మొత్తం. 2) దాన్ని ఎవరి మీద, ఎప్పుడు వాడాలో చెప్పే మార్గదర్శకాలు. 3) తీసిన ఫొటోలు ఎన్ని రోజులు దాచాలి, ఎవరు తుడవాలి అన్న ఉత్తర్వు. 4) పై పత్రాల్లో ఏదైనా లేకపోతే 'లేదు' అని రాతపూర్వక సమాధానం."

నాలుగోది వదలకండి. మార్గదర్శకాలే లేవన్న జవాబు హైకోర్టులో పెద్ద ఆధారం.

ఫీజు గ్రామ స్థాయిలో ఏమీ లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. పోస్టల్ ఆర్డరు గానీ కోర్టు ఫీజు స్టాంపు గానీ పెట్టండి. తెల్లకార్డు నకలు జత చేస్తే ఫీజే లేదు. కారణం చెప్పాల్సిన పనిలేదని 6(2) చెబుతుంది. 30 రోజుల్లో జవాబు రావాలి, ప్రాణం, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటల్లో. గడువు దాటితే నకళ్లు ఉచితంగా ఇవ్వాలి.

2023 వ్యక్తిగత డేటా చట్టం మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. నిబంధనలు 2025 నవంబరులో వచ్చినా, కంపెనీల మీద పెట్టిన ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల తర్వాతే అమల్లోకి వస్తాయి. 17(2) సెక్షన్ కింద కేంద్రం తనకు కావాల్సిన ప్రభుత్వ సంస్థలను చట్టం నుంచే బయట పెట్టొచ్చు. పైగా అది ఆర్టీఐలోని 8(1)(జె)ను మార్చి "వ్యక్తిగత సమాచారం" అన్న ఒక్క మాటతో తిరస్కరించే దారి తెరిచింది. అట్లా తిరస్కరిస్తే అప్పీలులో 8(2)ను పట్టుకోండి: ప్రజా ప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వొచ్చన్న ఆ సెక్షన్ ఇంకా చెక్కుచెదరలేదు.

జవాబు రాకపోయినా, సగమే వచ్చినా 30 రోజుల్లో అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు. దానికి ఫీజు లేదు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లో హైదరాబాద్‌లోని రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. మొదటి దరఖాస్తు నకలు, పోస్టు రసీదు, అందినట్టు పోస్టాఫీసు ఇచ్చే రుజువు, మొదటి అప్పీలు నకలు వరుసగా నంబర్లు వేసి పెట్టండి. ఆ రుజువు పోతే దరఖాస్తు అందలేదని అధికారి చెప్పేది నిజమైపోతుంది, అందుకే చేతికి రాగానే దాన్ని ఫొటో తీసుకోండి.